తలకింత థియేటర్, ఇంటికింత ఓటీటీ

హైదరాబాద్ మల్టీప్లెక్సుల్లో మామూలు రోజుల టికెట్టు 295 రూపాయలు. ఈ అంకె వెనక ఒక జీవో ఉంది. 2021 డిసెంబరు 21న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 120 మల్టీప్లెక్సు టికెట్టుకు కనిష్ఠం 100, గరిష్ఠం 250 రూపాయలని, జీఎస్టీ అదనమని చెప్పింది. 250 మీద 18 శాతం పన్ను 45 రూపాయలు. కలిపితే 295. రిక్లైనర్ సీటుకు గరిష్ఠం 300, పన్నుతో 354. ఏసీ ఉన్న సింగిల్ స్క్రీన్‌లో గరిష్ఠం 150, పన్నుతో 177. జీవోలో ఇవి గరిష్ఠ ధరలు. కొత్త సినిమా విడుదలైన వారం బుకింగ్ యాప్ తెరిస్తే మాత్రం గరిష్ఠమే అసలు ధరగా కనిపిస్తుంది.

ఈ ధరతో నలుగురున్న ఇంటివాళ్లు ఆదివారం ఫస్ట్ షోకి బయల్దేరితే ఏమవుతుందో చూద్దాం. నాలుగు సీట్లు ఎంచుకోగానే ఫోన్ తెర మీద 1,180 అని వస్తుంది. డబ్బు కట్టే పేజీకి వెళ్లేసరికి దానికి కన్వీనియన్స్ ఫీజు తోడవుతుంది, ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. టికెట్టుకు ముప్పై నలభై రూపాయలు వేసుకున్నా మొత్తం 1,300 దాటుతుంది. ఇంటర్వెల్‌లో ఒక పాప్‌కార్న్ టబ్బు, రెండు కూల్‌డ్రింకులు, పిల్లలకు సమోసాలో నాచోసో తీసుకుంటే మరో 700 నుంచి 1,000. బండ్ల మీద సరిపోక కారో క్యాబో అయితే రానుపోను 300. ఎంత పొదుపుగా చూసుకున్నా 2,300 దగ్గర ఆగుతుంది, కాస్త చెయ్యి జారితే 2,700. నెలకు పాతిక వేలు వచ్చే ఇంటికి ఇది జీతంలో పదో వంతు. రెండున్నర గంటల కోసం.

అదే ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే ఖర్చు లేదని చాలామంది అనుకుంటారు. అది సరైన లెక్క కాదు. 43 అంగుళాల టీవీ పాతిక వేలు పెట్టి కొని ఐదేళ్లు వాడితే నెలకు 400 పైచిలుకు పడుతుంది. ఫైబర్ నెట్ 599 ప్లాను పన్నుతో 707. ఒకటి రెండు ఓటీటీలకు నెలకు మూడు నాలుగు వందలు. అంతా కూడితే నెలకు పదిహేను వందల దాకా తేలుతుంది. అంటే ఇంటి వినోదం ఉచితమేమీ కాదు, నెలకు ఒక సినిమా ప్రయాణంలో సగానికి పైనే ఖర్చవుతోంది.

అయినా జనానికి ఇల్లే చవకగా తోస్తుంది, థియేటరే మోయలేని ఖర్చుగా తోస్తుంది. ఇది భ్రమ కాదు, దానికి గట్టి కారణం ఉంది. థియేటర్ తలకింత అని వసూలు చేస్తుంది. ఓటీటీ ఇంటికింత అని వసూలు చేస్తుంది. ఒంటరిగా ఉండే కుర్రాడికి 295 రూపాయల టికెట్టు, 199 రూపాయల ఓటీటీ దాదాపు ఒకే స్థాయి ఖర్చు. నలుగురున్న ఇంటికి టికెట్టు నాలుగింతలవుతుంది, ఓటీటీ మాత్రం అదే 199. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఆరుగురైతే థియేటర్ ఖర్చు సగం పెరుగుతుంది, టీవీ ఖర్చు పైసా పెరగదు. పైగా ఇంటి ఖర్చు నెల మొదట్లోనే అయిపోతుంది. ఆ తర్వాత చూసే ప్రతి సినిమా, ప్రతి క్రికెట్ మ్యాచ్, పిల్లల ప్రతి కార్టూనూ అదనపు రూపాయి అడగవు. నెట్ కనెక్షన్ ఎలాగూ పిల్లల చదువుకో ఇంటి నుంచి ఆఫీసు పనికో తీసుకున్నదే కాబట్టి చాలా ఇళ్లలో దాన్ని వినోదం పద్దులో రాసుకోరు కూడా.

అందుకే ధర పెరిగినప్పుడు ముందుగా థియేటర్‌కు దూరమయ్యేది కుటుంబం. కాలేజీ కుర్రాళ్లు, అభిమానులు, పెళ్లికాని ఉద్యోగులు తమ ఒక్క టికెట్టు గురించే ఆలోచిస్తారు కాబట్టి వాళ్లు వస్తూనే ఉంటారు. మొదటి రోజు హాళ్లు నిండుతాయి, అది చూసి ధర ఎక్కువేమీ కాలేదని పరిశ్రమ అనుకుంటుంది. రాకుండా ఉండిపోయిన ఇల్లాలు, పెద్దవాళ్లు, పిల్లలు ఏ కలెక్షన్ పోస్టర్‌లోనూ కనిపించరు.

ఇక్కడ ఒక పాత ఏర్పాటును గుర్తుచేసుకోవాలి. తెలుగు ఊళ్లలో థియేటర్ అంటే ఒకే హాల్లో నాలుగైదు ధరలు. నేల, బెంచి, కుర్చీ, పైన బాల్కనీ. కూలి పని చేసుకునే మనిషి, బ్యాంకు ఆఫీసరు ఒకే రోజు ఒకే బొమ్మ చూశారు, ఎవరి శక్తి కొద్దీ వాళ్లు డబ్బు పెట్టి. ఆ వరసల్లో చిన్నచూపు ఉందన్న మాట నిజమే. కానీ ఎవరినీ గుమ్మం దగ్గరే ఆపేయకుండా ఆ తేడా పనికొచ్చింది. మల్టీప్లెక్సు వచ్చి ఆ మెట్లన్నీ తీసేసింది. చివరి రెండు వరసల రిక్లైనర్లు మినహా హాలంతా ఒకే ధర. తెరకు ఆనుకుని మెడ ఎత్తి చూడాల్సిన మొదటి వరస సీటుకూ చాలాచోట్ల అదే 295. చవక టికెట్టు అనే అవకాశమే హాల్లో లేకుండా పోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకో దారిలో నడిచింది. 2021 ఏప్రిల్‌లో అప్పటి ప్రభుత్వం జీవో 35తో ధరలను ఒక్కసారిగా కిందికి దించేసింది. పంచాయతీల్లోని నాన్ ఏసీ హాళ్లలో టికెట్టు 5, 10, 15 రూపాయలు. కిళ్లీ ఖర్చుకు సినిమా చూపించమన్న ఆ లెక్క కరెంటు బిల్లుకు కూడా చాలదని హాళ్ల యజమానులు మొత్తుకున్నారు. కొందరు తాళాలు వేశారు. దాదాపు ఏడాది పాటు చర్చలు, కోర్టులు, తాడేపల్లిలోని ముఖ్యమంత్రి కార్యాలయానికి సినీ ప్రముఖుల ప్రయాణాలు అయ్యాక 2022 మార్చిలో కొత్త జీవో వచ్చింది. కనిష్ఠం 20, గరిష్ఠం 250. నగరాల మల్టీప్లెక్సుల్లో మామూలు సీటుకు 150, పన్నుతో 177. అంటే విజయవాడ, విశాఖ ప్రేక్షకుడికి మామూలు రోజుల్లో టికెట్టు హైదరాబాద్ కంటే బాగా తక్కువే. కానీ అదే జీవో మరో తలుపు తెరిచింది. హీరో, హీరోయిన్, దర్శకుడి పారితోషికాలు కాకుండా వంద కోట్లు దాటిన భారీ సినిమాలకు మొదటి పది రోజులు ధర పెంచుకునే వీలు కల్పించింది.

ఆ పది రోజులే అసలు సంగతి. పెద్ద సినిమా డబ్బు ఎలా తిరుగుతుందో తెలిస్తే ఈ పది రోజుల కోసం అంత పోరు ఎందుకో అర్థమవుతుంది. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా బయ్యర్లు సినిమాను ముందే కొంటారు. ఆ కొనుగోలు ధర హీరో మార్కెట్ మీద నిలబడుతుంది, ఆ మార్కెట్‌ను బట్టి పారితోషికం, పారితోషికాన్ని బట్టి బడ్జెట్. అందులో పెద్ద భాగం వడ్డీకి తెచ్చిన డబ్బు. సినిమా ఎలా ఉందో ఫోన్లలో మొదటి ఆటకే తెలిసిపోయే కాలంలో మూడో వారం వసూళ్ల మీద ఎవరికీ నమ్మకం లేదు. కాబట్టి పెట్టుబడి మొదటి పది రోజుల్లోనే తిరిగి రావాలి. అభిమాని ఎలాగూ మొదటి రోజే వస్తాడు, వాడి దగ్గరే ఎక్కువ రాబట్టాలి. ధర పెంపు ఇలా వ్యాపారంలో ముందే వేసుకున్న లెక్కగా మారింది. జీవో రాకపోతే బయ్యరుకు నష్టం వచ్చేలా ఏరియా హక్కులు అమ్ముడుపోతున్నాయి.

దీని కొస ఎక్కడిదాకా సాగిందో 2024 డిసెంబరులో చూశాం. 'పుష్ప 2' ప్రీమియర్ ఆటకు తెలంగాణలో మామూలు టికెట్టు మీద మరో 800 రూపాయలు తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ చనిపోయారు, ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. ఆ రాత్రి ఆ ఆటకు ఒక కుటుంబం కలిసి వెళ్లింది. డిసెంబరు 21న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శాసనసభలో ఇక బెనిఫిట్ షోలు, ధరల పెంపు ఉండవన్నారు. మూడు వారాలు తిరక్కుండానే సంక్రాంతి సినిమాకు పెంపు ఇచ్చారు, వ్యవహారం హైకోర్టుకు వెళ్లాక వెనక్కి తీసుకున్నారు. 2025 సెప్టెంబరులో మరో పెద్ద సినిమాకు 800 రూపాయల ప్రీమియర్ ఆట మళ్లీ వచ్చింది, మళ్లీ పిటిషను పడింది. ఒక విధానమంటూ లేదు. సినిమా సినిమాకూ ఒక జీవో, జీవో జీవోకూ ఒక కేసు. టికెట్టు కొనే మనిషికి రేపు ధర ఎంతో చెప్పగలిగే వాళ్లు లేరు.

పెంపు పది రోజులే కదా, పదకొండో రోజు ధర తగ్గుతుంది, అప్పుడు కుటుంబంతో వెళ్లొచ్చు కదా అన్నది పరిశ్రమ వైపు నుంచి తరచూ వినిపించే సమాధానం. ఈ సమాధానాన్ని క్యాలెండర్ ముందు పెట్టి చూడాలి. సినిమా శుక్రవారం విడుదలైతే పదో రోజు సరిగ్గా రెండో ఆదివారం. అంటే పెంచిన ధర రెండు వారాంతాలనూ పూర్తిగా మింగేస్తుంది. బడి, ఆఫీసు ఉన్న ఇంట్లో అందరూ కలిసి సినిమాకు వెళ్లగలిగేది వారాంతంలోనే. ధర తగ్గిన సోమవారం పిల్లలు హోంవర్కు ముందు ఉంటారు. ఇక మూడో వారాంతం వచ్చేసరికి రెండు కొత్త శుక్రవారాలు దాటి ఉంటాయి, పాత సినిమాకు మిగిలేవి పొద్దున ఒక ఆట, రాత్రి పదింటికి ఒక ఆట. నాలుగో వారాంతం అయ్యాక నాలుగైదు రోజులకే సినిమా ఓటీటీలో ఉంటుంది.

ఈ నాలుగు వారాల గడువే కుటుంబాన్ని ఇంట్లో కూర్చోబెట్టిన రెండో కారణం. 'పుష్ప' మొదటి భాగం 2021 డిసెంబరు 17న విడుదలై 2022 జనవరి 7కల్లా ఓటీటీకి వచ్చింది, సరిగ్గా మూడు వారాలు. 2022 ఏప్రిల్ 29న పెంచిన ధరలతో వచ్చిన 'ఆచార్య' కూడా మే 20న ఓటీటీలో ఉంది. 2025 సంక్రాంతికి జనవరి 10న వచ్చిన 'గేమ్ ఛేంజర్' ఫిబ్రవరి 7న. పిల్లలకు పరీక్షలున్నాయనో, జీతం పడలేదనో ఒక్క రెండు వారాలు ఆగిన ఇంటికి, మరో రెండు వారాలు ఆగితే సరిపోతుందని ఈ అనుభవమే నేర్పింది. నేర్పింది పరిశ్రమే. 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపేసి మరీ దీని మీద కూర్చున్నారు. సినిమాలను ఎనిమిది వారాల తర్వాతే ఓటీటీకి ఇవ్వాలని తీర్మానించారు. కానీ నాలుగు వారాలకు ఇస్తే ఓటీటీ ఎక్కువ డబ్బిస్తుంది, బడ్జెట్ ముందే ఆ డబ్బును లెక్కలో వేసుకుని ఉంటుంది. తీర్మానం చేతుల్లోనే కరిగిపోయింది.

ధర తగ్గించి, గడువు పెంచి చూసినవాళ్లూ లేకపోలేదు. 2022 మే 27న 'ఎఫ్ 3' ధరల పెంపు లేకుండానే వచ్చింది, ఎనిమిది వారాల దాకా ఓటీటీకి వెళ్లలేదు. సరిగ్గా వారం తర్వాత వచ్చిన 'మేజర్' ఇంకో అడుగు ముందుకేసింది. తెలంగాణలో సింగిల్ స్క్రీన్ 150, మల్టీప్లెక్సు 195 అని, ఆంధ్రాలో 147, 177 అని విడుదలకు ముందే ప్రకటించింది. 2025 సంక్రాంతికి తెలంగాణలో అదనపు ధర లేకుండా నడిచిన 'సంక్రాంతికి వస్తున్నాం' ఆరు వారాలకు పైగా ఓటీటీ జోలికి పోలేదు. మొదటి వారం దాటాక కూడా ఆ సినిమాకు ముసలీముతకా, పిల్లాజెల్లా కలిసి వచ్చారు. సినిమా నచ్చడం వేరే సంగతి, అది ధరతో రాదు. కానీ నచ్చిన సినిమాకు ఇంటిల్లిపాదీ వెళ్లడానికి ధర అడ్డం రాకపోతే ఏం జరుగుతుందో ఆ వసూళ్లు చెప్పాయి.

దేశం మొత్తం మీద దీనికి ఇంకో రుజువు ఉంది. 2022 సెప్టెంబరు 23న జాతీయ సినిమా దినోత్సవం పేరిట మల్టీప్లెక్సుల సంఘం 75 రూపాయలకు టికెట్టు పెట్టింది. ఆ ఒక్క రోజు 65 లక్షల మంది వచ్చారని ఆ సంఘమే చెప్పింది. అదేమీ పండగ రోజు కాదు. జనానికి థియేటర్ మీద మోజు పోయిందనే వాదన ఆ అంకె ముందు నిలవదు.

ఇక ఇంటర్వెల్ కౌంటర్ సంగతి. ఇక్కడ కోపం అందరికీ ఉంది, కారణం మాత్రం కొందరికే తెలుసు. టికెట్టు డబ్బులో పన్ను పోగా మిగిలిన దాంట్లో మొదటి వారం దాదాపు సగం సినిమాను కొని ఆడించే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్తుంది. పాప్‌కార్న్ డబ్బులో డిస్ట్రిబ్యూటర్‌కు వాటా లేదు, అదంతా హాలుదే. మాల్‌లో అద్దె, ఏసీ, లేజర్ ప్రొజెక్టర్ ఖర్చులు ఆ కౌంటర్ నుంచే రావాలి. దేశంలోనే పెద్ద గొలుసు అయిన పీవీఆర్ ఐనాక్స్ లెక్కల్లో 2023-24లో సగటు టికెట్టు సుమారు 260 రూపాయలు, ఒక్కో ప్రేక్షకుడు తిండి మీద పెట్టింది సుమారు 130. ఏమీ కొనకుండా కూర్చున్నవాళ్లను కూడా కలుపుకున్న సగటు ఇది. కొన్నవాళ్ల బిల్లు ఎంతో ఊహించుకోవచ్చు.

బయటి తిండి తెచ్చుకోనివ్వాలన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2023 జనవరి 3న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, తెలుగువారైన జస్టిస్ పి.ఎస్.నరసింహల ధర్మాసనం హాలు యజమానికి వద్దనే హక్కు ఉందని తేల్చింది. ఉచితంగా మంచినీళ్లు పెట్టాలని, పసిపిల్లల తిండిని అడ్డుకోకూడదని కూడా చెప్పింది. ఈ రెండో భాగం చాలామంది ప్రేక్షకులకు తెలియదు. నీళ్ల సీసా గుమ్మం దగ్గర తీసేసుకుంటే లోపల మంచినీళ్ల కుళాయి ఎక్కడుందని అడిగే హక్కు టికెట్టుతో పాటే వస్తుంది. తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి ప్యాకెట్ తినుబండారాలను ఎమ్మార్పీకే అమ్మాలన్న ఆదేశం కూడా ఉంది. కాగితం టబ్బులో పోసి ఇచ్చే పాప్‌కార్న్‌కు ఎమ్మార్పీ ఉండదు కాబట్టి కౌంటర్లు అటే మొగ్గాయి.

ఇంతా చేసి, పెరిగిన టికెట్టు ధర సింగిల్ స్క్రీన్ యజమానికి చేరుతోందా అంటే అదీ లేదు. తెలుగు రాష్ట్రాల్లో చాలా హాళ్లు రెంటు పద్ధతిలో నడుస్తాయి. హాలు నిండినా నిండకపోయినా డిస్ట్రిబ్యూటర్ వారానికి ఇంత అని అద్దె కడతాడు. పెద్ద సినిమా మొదటి వారం వసూళ్లు పొంగినప్పుడు యజమానికి వచ్చేది ఆ అద్దే, వసూళ్లు పడిపోయిన వారాల్లో మాత్రం పర్సంటేజీ మీద, అంటే వసూళ్లలో వాటాకు, ఆడించమంటారు. పెంచిన వంద రూపాయలు పైకి పోతాయి, ఆ ధర చూసి రావడం మానేసిన ఇంటివాళ్ల లోటు కింద యజమాని నెత్తిన పడుతుంది. 2024 మేలో ఐపీఎల్, ఎన్నికలు, చేతిలో సినిమాలు లేకపోవడం అన్నీ కలిసి తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు మూసుకోవాల్సి వచ్చింది. 2025లో పర్సంటేజీ పద్ధతి కావాలంటూ జూన్ 1 నుంచి హాళ్లు మూసేస్తామని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్లు నడిపేవాళ్లు, హెచ్చరించింది దీని గురించే. రాజకీయ దుమారం లేచి ఆ మాట వెనక్కి పోయింది, సమస్య మాత్రం అక్కడే ఉంది. చిన్న పట్టణాల్లో ఊరి మధ్యన ఉన్న హాలు కల్యాణ మండపంగానో గోడౌన్‌గానో మారిపోతే ఆ ఊరికి మిగిలే సినిమా ముప్పై కిలోమీటర్ల దూరంలోని మల్టీప్లెక్సు. అప్పుడు బస్సు ఛార్జీ కూడా టికెట్టులో భాగమే.

పన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వంద రూపాయల దగ్గర గీత గీశారు. అప్పట్లో వంద లోపు టికెట్టుకు 18 శాతం, పైన 28. 2019 జనవరిలో అవి 12, 18 అయ్యాయి. 2025 సెప్టెంబరు 22న వంద లోపు పన్ను 5 శాతానికి దిగింది, పైన 18 అలాగే ఉంది. ఆ గీత మాత్రం ఇన్నేళ్లలో వంద దగ్గరి నుంచి కదల్లేదు. అదే సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద పన్ను 28 నుంచి 18కి తగ్గింది. ఒకే రోజు పెద్ద టీవీ చవకైంది, మల్టీప్లెక్సు టికెట్టు మీద పన్ను ఉన్నచోటే ఉంది. అయితే ఇప్పుడు వంద రూపాయల టికెట్టు చేతికి 105కే వస్తుంది, 150 రూపాయలది 177 అవుతుంది. తెలంగాణ జీవో 120లో మల్టీప్లెక్సు కనిష్ఠం కూడా సరిగ్గా వందే. సోమవారం నుంచి గురువారం దాకా మ్యాట్నీకి సగం ఖాళీగా ఉండే హాళ్లకు ఈ 105 రూపాయల టికెట్టు చట్టం ఇచ్చిన అవకాశం. దాన్ని వాడుకుంటున్న హాళ్లు, సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయి.

మరి ఇంటి వైపు అంతా బాగుందా? మొదట్లో ఓటీటీలు జనాన్ని అలవాటు చేసుకోవడానికే ధర పెట్టాయి. 2020 ఉగాదికి వచ్చిన ఆహా రోజుకు రూపాయి లెక్కన ఏడాదికి 365 అంది. 2016లో ఏడాదికి 499తో మొదలైన అమెజాన్ ప్రైమ్ తర్వాత 999కి, 2021 డిసెంబరులో 1,499కి చేరింది. 2025 జూన్ నుంచి సినిమా మధ్యలో ప్రకటనలు వేస్తోంది, అవి వద్దంటే ఏడాదికి మరో 699. నెట్‌ఫ్లిక్స్ మాత్రం 2021 డిసెంబరులో ధర తగ్గించి ఫోన్ ప్లాను 149కి, టీవీలో చూసే ప్లాను 199కి తెచ్చింది. పైగా తెలుగు సినిమాలు ఒక్కచోట లేవు. ఒకటి ఆహాలో, ఒకటి ఈటీవీ విన్‌లో, మరొకటి జీ5లో, ఇంకొకటి జియోహాట్‌స్టార్‌లో. అన్నీ కట్టలేక స్నేహితుల పాస్‌వర్డ్‌లు పంచుకునే ఇళ్లు కోకొల్లలు. ఇంటి ఖర్చు కూడా మెల్లగా పైకే పోతోంది. తేడా ఏమిటంటే అది ఏడాదికోసారి కార్డులోంచి పోతుంది, ఇంటర్వెల్ కౌంటర్ దగ్గర పిల్లల ముందు జేబు తడుముకోవాల్సిన పని ఉండదు.

తెలుగు రాష్ట్రాల బయట ఉన్న తెలుగువాళ్లకు ధర ఇంకా ఎక్కువ. బెంగళూరు మల్టీప్లెక్సుల్లో పెద్ద తెలుగు సినిమా మొదటి రోజు ధరకు పైకప్పు ఉండదు. కర్ణాటక ప్రభుత్వం 2025 సెప్టెంబరులో 200 రూపాయల పరిమితి పెట్టింది, కొన్ని రోజుల్లోనే హైకోర్టు దాన్ని నిలిపేసింది. అమెరికాలో ప్రీమియర్లకు తెలుగువాళ్లు కట్టేది అదే హాల్లో హాలీవుడ్ సినిమాకు కట్టే దానికి దాదాపు రెట్టింపు. అక్కడ ఆ ఒక్క రాత్రి అందరూ కలిసే సందర్భం కాబట్టి కడతారు. ఇక్కడి ధరలను సమర్థించడానికి ఆ లెక్క చూపడం కుదరదు, అక్కడివాళ్లు కట్టేది డాలర్ల జీతంలోంచి.

ఈ మొత్తంలో ఎక్కువ దెబ్బ తింటున్నది పెద్ద సినిమా కాదు. నెలకు నాలుగుసార్లు కాకపోయినా రెండుసార్లు హాలుకు వెళ్లిన ఇల్లు ఒకటి పెద్ద హీరోది చూసేది, రెండోది ఏదో బాగుందట అని చూసేది. బడ్జెట్ ఒక్క ప్రయాణానికే సరిపోయేలా అయ్యాక ఆ ఒక్కటీ పెద్ద సినిమాకే పోతుంది. రెండోదానికి 'ఓటీటీలో చూద్దాంలే' అన్న మాట సిద్ధంగా ఉంటుంది. కొత్త దర్శకుడి సినిమా, చిన్న ఊరి కథ, స్టార్ లేని కుటుంబ కథ, అన్నీ ఈ మాటకే బలవుతున్నాయి. ఇది థియేటర్ సినిమా, అది ఓటీటీ సినిమా అని ట్రైలర్ చూసే జనం విడగొట్టేస్తున్నారు. పోరాటాలు, గ్రాఫిక్స్, హోరు ఉంటేనే 295కి గిట్టుబాటు అనుకోవడం సహజం. నిర్మాతలు కూడా దానికి తగ్గట్టే కథలు వెతుకుతున్నారు. దాంతో బడ్జెట్ పెరుగుతుంది, బడ్జెట్‌తో పెంపు జీవో అవసరం పెరుగుతుంది.

చిన్న సినిమాను ఓటీటీ కాపాడుతుందని 2020, 2021 లాక్‌డౌన్ల కాలంలో అందరూ నమ్మారు. 2020 సెప్టెంబరులో 'వి', మరుసటి ఏడాది 'టక్ జగదీష్', 'దృశ్యం 2' నేరుగా ఇంటికే వచ్చాయి, ఎగ్జిబిటర్లు గగ్గోలు పెట్టారు. ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. చందాదారులను చేర్చుకునే తొలి ఉత్సాహం తగ్గాక ఓటీటీ సంస్థలు విడుదలకు ముందే కొనడం బాగా తగ్గించాయి. హాల్లో ఎలా ఆడిందో చూశాకే బేరానికి వస్తున్నాయి, పేరు లేని సినిమాకు ముందస్తు డబ్బు లేకుండా చూసిన గంటల లెక్కన వాటా ఇస్తామంటున్నాయి. 'ఓటీటీలో చూద్దాంలే' అని ఇల్లు వదిలేసిన సినిమా హాల్లో ఆడదు. హాల్లో ఆడని సినిమాకు ఓటీటీలో ధర పలకదు. ఒక్కోసారి కొనేవాళ్లే దొరకరు, పూర్తయిన సినిమా నెలల తరబడి ఏ తెర మీదా కనిపించదు. టికెట్టు ధర మీద జరిగే వాదనంతా పెద్ద సినిమా పది రోజుల చుట్టూనే తిరుగుతోంది. మిగిలిన ఏడాదంతా హాళ్లకు బొమ్మలు ఇవ్వాల్సిన ఈ చిన్న, మధ్య స్థాయి సినిమాల కోసం, వాటికి రావాల్సిన ఆదివారపు కుటుంబం కోసం అంత పోరు చేసేవాళ్లు కనిపించరు.